ఆదివారం ఎరుపుది

మొదటి నమోదు. సోమవారం

గాలి జల్లెడలు దులుపుతుంటే బమ్మిడి గున్నయ్య వచ్చాడు. మా ఆరో సొరంగానికి అతనే పెద్ద, నాకు వరసకి బావ. చంద్రుడి ధూళి మామూలు దుమ్ములా తుమ్ము తెప్పించి ఊరుకోదు, గాజుపొడిలా గొంతు కోస్తూ దిగుతుంది. అందుకే జల్లెడలు దులిపేవాడి దగ్గరికి అవసరం ఉంటే తప్ప ఎవరూ రారు.

"బావా, ఈ ఏడు పటం నువ్వే నింపాల," అన్నాడు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని.

"నానా? మరి అప్పలనరసమ్మకేటైనాది?"

"ఏటవడమేటి! సగం మొకమే లేదు కదా దానికి."

నిజమే. ఇన్నేళ్ళూ ఆ పని అప్పలనరసమ్మది. ఎనిమిది జట్ల పేర ఎనిమిది కుక్కర్లలో పప్పు పెట్టేది. ఆడబోయే జతలో ఏ కుక్కరు ముందు ఈల వేస్తే ఆ జట్టు గెలుస్తుందని రాసేది. పోయినేడు ఒకటి ఈల వెయ్యకుండా పేలింది. మూత ఆవిడ చెంప ఊడదీసుకుని సొరంగం కప్పుదాకా ఎగిరి, ఆకు రాలినట్టు నిదానంగా దిగింది. ఆవిడ బతికింది, పటం తప్పింది. మావాళ్ళు ఎక్కువ ఏడ్చింది దేనికో నేను చెప్పను.

ఏడవరా మరి? ఇక్కడ సొరంగానికో కాలేజీ, కాలేజీకో బాస్కెట్‌బాల్ జట్టు. ఎనిమిదిలో నాలుగు, నాలుగులో రెండు, రెండులో ఒకటి మిగిలేదాకా ఆడతారు. గెలుపు ఎవరిదో ప్రతి సొరంగమూ ముందే పటం మీద రాసి గోడకి కట్టాలి. ఒక్కో మెట్టుకి ముందు దిద్దుకోవచ్చు. ఆట గెలిచినవాళ్ళకి చప్పట్లు, చెప్పి గెలిచినవాళ్ళకి మంచు. ధ్రువం నుంచి ఏడాదికోసారి వచ్చే మంచుబండి, పటం బాగా ఫలించిన సొరంగం ముందు మొదట ఆగుతుంది. మా మంచు తాగడానికే కాదు, పీల్చే గాలి తీసేదీ అందులోంచే. చివర ఆగే చోట దక్కేది బండి అడుగున మడ్డి. పోయినేడు ఆ చివర మాదే. గున్నయ్య పెద్దకోడలు గాలి చాలక, గట్టున పడ్డ చేపలా నోరు తెరిచి తెరిచి పోయింది. అతను ఆ మాట ఎత్తడు. ఎత్తకపోవడం వల్లే నేను కాదనలేకపోయాను.

లెక్కలు వేసే యంత్రాన్ని అడగవచ్చు కదా అంటారేమో. ఒక ఏడు అడిగారు. అది అందరికీ ఒకటే పటం ఇచ్చింది, అన్నీ నిజమయ్యాయి. బండి ముందెవరి దగ్గర ఆగాలో తేలక, ఎనిమిది సొరంగాల వాళ్ళూ పట్టాల మీదే పొడుచుకున్నారు. శవాలు తీసేదాకా బండి కదల్లేదు. అప్పటినుంచి లెక్క నిషేధం. జట్టు బలం చూడకూడదు, పాత ఆటలు చూడకూడదు, తోచిన అడ్డదారిన చెప్పుకోవాలి. రెండో సొరంగంలో ఒక ముసలికుక్క ముందు చొక్కాలు పరుస్తారు. అది కాలెత్తిన చొక్కా ఓడుతుంది. ఐదో సొరంగంలో జట్లకి పేర్లు పెట్టి చపాతీలు కాలుస్తారు, పొంగిందే గెలుపు.

నాకు వచ్చిన అడ్డదారి ఒకటుంది. మా తాత భూమ్మీద పందేనికి కోళ్ళు కట్టినవాడు. ఏ వారం, ఏ పక్షంలో, ఏ రంగు పుంజు ఏ రంగుదాన్ని కొడుతుందో కుక్కుటశాస్త్రం నాకు ఉగ్గుపాలతో పోశాడు. ఎరుపు డేగ, నలుపు కాకి, తెలుపు సేతువ. మా జట్లకీ చొక్కా రంగులే గుర్తు. పటంలో రాసేదీ రంగే, కాలేజీల పేర్లు మూరెడు పొడుగని.

"పిల్లలు కోళ్ళేటి బావా?" అన్నాడు గున్నయ్య.

"కోళ్ళకి కాలికే కత్తి కడతారు. ఈళ్ళకి ఒళ్ళంతా కత్తే. నువ్వే సూత్తావు."

రెండో నమోదు. బుధవారం

నాలుగు ఆటలు, నాలుగూ నేను రాసినట్టే.

చంద్రుడి మీద బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో పై గ్రహం వాళ్ళకి చెప్పాలి. బుట్ట మూడంతస్తుల ఎత్తున ఉంటుంది. పిల్లలు ఒక్క ఉదుటున అక్కడికి ఎగురుతారు. ఒకసారి ఎగిరాక దారి మళ్ళడానికి పట్టు ఏదీ ఉండదు. రెండు వైపుల నుంచి ఇద్దరు లేస్తే మధ్యలో గుద్దుకోవాల్సిందే. బరువు ఆరో వంతు కదా అని మోసపోకండి. తూకం తగ్గుతుంది గాని దెబ్బ తగ్గదు. ఇవాళ పచ్చచొక్కా కుర్రాడి మోకాలు నీలిచొక్కా పిల్ల కంటిలో దిగింది. నెత్తురు గోళీల్లా గుండ్రంగా విడిపోయి, తీరిగ్గా జనం మీదికి దిగింది. ముందు వరస వాళ్ళు గొడుగులు తెచ్చుకునేది అందుకే.

నా మనవరాలు నూకరత్నం మా నల్లచొక్కాలకి నాయకురాలు. దాని అమ్మా నాన్నా ధ్రువం దగ్గర మంచు తవ్వుతారు. వాళ్ళు పంపే మంచు కోసమే ఇక్కడ వీళ్ళ కొట్లాట. ఇవాళ దాని మోచేతి చర్మం ఎదుటివాడి పళ్ళకి అంటుకుని పోయింది. పసుపు పెడుతుంటే కిసుక్కున నవ్వింది.

"నీ శాస్త్రంలో మాది గెలుపని ఉండబట్టి గెలిసేమా, మేం గెలిత్తే నీ శాస్త్రం నిజమైనాదా?"

"కోడి కూసిందని తెల్లారిందా, తెల్లారిందని కోడి కూసిందా?"

"నానెప్పుడైనా కోడిని సూసేనేటి? తిన్నగా సెప్పు."

తిన్నగా చెప్పడం నాకు చేతకాదు. పసుపు ఇంకాస్త పెట్టాను.

మూడో నమోదు. శుక్రవారం

ఇవాళ రెండు ఆటలు. ఒక దాంట్లో ఎరుపు గెలిచింది. రెండో దాంట్లో కాకి చేతిలో సేతువ ఓడాలి, ఓడింది. ఎలా ఓడిందో రాయడానికి చెయ్యి రావడం లేదు.

తెల్లచొక్కాల నాయకుడు ఫల్గుణ ఈ కాలనీలో నేను చూసిన ఆటగాళ్ళలో మేటి. నూకరత్నానికి చిన్నప్పటి నేస్తం. ఆటకు ముందు అతను మా సొరంగం మూలమలుపు దాటుతుండగా, గాలి ఆపే ఇనుపతలుపు ఉన్నట్టుండి మూసుకుంది. పిక్క దగ్గర పట్టుకుంది. తలుపు తనంతట తను తెరుచుకోలేదు. ఎవరో మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశారు. ఎముక విరిగిన చప్పుడు నేను జల్లెడల గదిలోంచి విన్నాను. కట్టె విరిచారనుకున్నాను. చంద్రుడి మీద కట్టెలెక్కడివి అన్న ఆలోచన తర్వాత వచ్చింది.

నేను వెళ్ళేసరికి తలుపు మీట దగ్గర మా సొరంగం కుర్రాళ్ళు ముగ్గురు, వాళ్ళ వెనక గున్నయ్య ఉన్నారు. ఫల్గుణ అరవడం లేదు. తన పిక్క వైపు చూసుకుంటూ, అది ఎవరిదో అన్నట్టు ఉన్నాడు.

"ఇదేటి బావా, ఇదేటి పని?"

"నీ మాట తప్పకూడదు కదా," అన్నాడు గున్నయ్య. గొంతులో కోపం లేదు, జల్లెడ మార్చమన్నట్టే ఉంది. "తెలుపు ఓడాలని రాసేవు. వోడు కాళ్ళతో ఉంటే ఓడతాదా?"

"శాస్త్రమంటే..."

"శాస్త్రం ఓ చెయ్యి, మనం ఓ చెయ్యి. అందరి పటాలూ కొట్టుకుపోయేయి. మనతో సమానంగా ఉన్నది ఆ రెండో సొరంగం కుక్కొక్కటే. ఆదివారంతో తేలిపోద్ది."

సాయంత్రం నూకరత్నం గెలిచి వచ్చింది. చొక్కా విప్పి నా మొహాన కొట్టింది. చెమటతో బరువుగా ఉంది.

"ఆడి కాలు విరగ్గొట్టి నన్ను గెలిపించినారా? సిగ్గు నేదా మీకు?"

విరగ్గొట్టింది నేను కాదన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడే ఉంచాను.

నాలుగో నమోదు. శనివారం

రేపు ఎరుపుకీ నలుపుకీ ఫైనల్. శుక్లపక్షం ఆదివారం డేగది. కాకి బలాదూరు. ఈ సూత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. చెప్పానంటే గోడ మీద ఎరుపు పడుతుంది. పడ్డాక దాన్ని నిజం చేయడానికి మావాళ్ళు తలుపు మీట పట్టుకుంటారు. ఈసారి కాలు నా మనవరాలిది. సొంత సొరంగం పిల్ల అని ఆగరు. మంచు వచ్చేది పటానికి గాని ఆటకి కాదు.

పొద్దున్నంతా జల్లెడలు దులిపిన చోటే దులిపాను. అప్పుడు తట్టింది. మనం ఉన్నదే చంద్రుడి మీద! శుక్లపక్షమంటే చంద్రుడు పెరిగే రోజులు. కాళ్ళ కింద ఉన్న చంద్రుడు మనకి పెరగడు, తరగడు. మనకి కనిపించి పెరిగి తరిగేది భూమి. అక్కడ చంద్రుడు పెరుగుతుంటే ఇక్కడ భూమి తరుగుతుంది. వాళ్ళకి పున్నమి అయితే మనకి భూమి అమావాస్య. కాబట్టి ఇక్కడ ఇప్పుడు నడిచేది కృష్ణపక్షం! కృష్ణపక్షం ఆదివారం కాకిదే.

చావడిలో అందరినీ కూడగట్టి, గిన్నె పెట్టి, నిమ్మకాయ తిప్పి మరీ వివరించాను. అంత బాగా నేను ఎప్పుడూ చెప్పలేదు. వేరే సొరంగాల వాళ్ళు కూడా వచ్చి తలలూపారు. కుక్కని నమ్ముకున్న రెండో సొరంగం వాళ్ళయితే మధ్యలోనే పరిగెత్తారు, పటం దిద్దుకోవడానికి.

గున్నయ్య ఒక్కడే తల ఊపలేదు.

"బావా, నిన్నటిదాకా ఏ పచ్చం?"

"అదీ... అది భూమి లెక్క..."

"ఆ లెక్కతో ఆరుకి ఆరూ కుదిరేయి. ఏడోదానికి పచ్చం తిరిగిపోనాదా? నీ మనవరాలు గుంట కాలు కోసమని సెప్పు. సెప్పు, వొప్పుకుంతాను."

"గుంట కాలు కోసమే," అన్నాను.

"నా కోడలికి కాళ్ళు నేవా?"

ఆ మాటతోపాటే అతని చేతిలో జల్లెడ చట్రం నా ముంజేతి మీద పడింది. రెండోసారి అదే చోట పడింది. ఇద్దరు నన్ను నేలకి అదిమి పట్టారు. మూడో దెబ్బకి ఎముక లోపల మాట మార్చింది. అప్పలనరసమ్మ సగం మొహంతో అడ్డం వచ్చి ఒకడి చెవి కొరికింది. ఆ తునక ఉమ్మి, "ముసలోన్నిరా, ఎదవల్లారా!" అంది. లేకపోతే ఈ ఎడమచేతి రాత కూడా ఉండేది కాదు.

గోడ మీద ఎరుపు రాశారు. మిగతా సొరంగాల్లో సగానికి పైగా నా ఉపన్యాసం విని నలుపు రాసుకున్నాయి. నాకు నేను నచ్చచెప్పుకున్నదాన్ని అంతమంది నమ్మారు. నమ్మాల్సినవాడు నమ్మలేదు.

నూకరత్నం వచ్చి నా చేతికి బద్ద కట్టింది. తర్వాత అడిగింది: "పటంలో మా కాలేజీ పేరుందా తాతా?"

"నేదు. రంగే ఉంతాది."

"అయితే ఎర్రచొక్కా గెలిత్తే సాలు కదా మనోళ్ళకి?"

"సాలు."

"ఎవులి ఎర్రచొక్కా అయినా?"

నాకు అప్పటికి గానీ వెలగలేదు. అది అప్పటికే వంటింట్లోకి వెళ్ళి బీట్‌రూట్ పొడి డబ్బాలు దింపుతోంది. కాసేపటికి ఐదు నల్లచొక్కాలు రంగు పోగొట్టే నీళ్ళలో పడ్డాయి, తర్వాత ఎర్రటి నీళ్ళలో ఉడికాయి. గున్నయ్య మనుషులు గుమ్మం దగ్గరికి వచ్చారు. మీట తిప్పే పని ఉందని వచ్చినవాళ్ళు గిన్నెలోకి తొంగి చూశారు. ఒకడు బుర్ర గోక్కున్నాడు.

"ఇద్దరూ ఎరుపే అయితే... ఎవులు గెలిసినా మనదే కదన్నా?"

"ఇంక కాలు ఇరగ్గొట్టే పనేటుంది? ఇంటికెల్లిపోండి," అంది నూకరత్నం, తెడ్డుతో చొక్కాలు తిప్పుతూ.

వెళ్ళిపోయారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఊపిరి కావాల్సినవాళ్ళు. నాకు ఇంత తెలివి ఉంటే పక్షాలు తిరగేసేవాణ్ణి కాదు.

ఐదో నమోదు. ఆదివారం

పదిమందీ ఎరుపే. రిఫరీ నియమాలు తిరగేశాడు. రెండు జట్లూ ఒకే రంగు వేసుకోకూడదని ఎవరూ రాయలేదు. రాయాల్సి వస్తుందని ఎవరు అనుకుంటారు? ఈల వేశాడు.

ఆట ఆటలా లేదు. బంతి ఎవరికి వేస్తున్నారో వేసేవాళ్ళకే తెలియదు. మావాడు బంతిని తిన్నగా శత్రువు చేతిలో పెట్టాడు. శత్రువు తన జట్టువాడినే గాల్లో తన్నాడు, వాడు గోడకి కొట్టుకుని జారాడు, వెనక ఎర్రగా గీత మిగిలింది. మా పిల్ల ఒకతి తనవాళ్ళని పోల్చుకోవడానికి పేర్లు పెట్టి పిలవడం మొదలెట్టింది. ఎదుటివాళ్ళు ఆ పేర్లకే పలికి, దగ్గరకొచ్చి ముక్కు పగలగొట్టారు. జనం ముందు నవ్వారు.

నలుపు రాసుకున్నవాళ్ళు మాత్రం నవ్వలేదు. మైదానంలో నలుపే లేదు. ఎవరు గెలిచినా వాళ్ళకి మడ్డే. ఈ సంగతి ముందు రెండో సొరంగానికి అర్థమైంది. కుక్క కాపరి లేచి నిలబడి అరిచాడు: "మా నలుపు మాకియ్యండి!"

నేను నిమ్మకాయ తిప్పి నేర్పిన పాఠం ఆ కేకలో వినిపించింది. నలుపు రాసుకున్నవాళ్ళు మైదానం చుట్టూ కట్టిన వల చింపుకుని దిగారు. ఇనుపకడ్డీలు, పట్టాల మేకులు, ఒకడి చేతిలో మూకుడు. ఒకడు ఎక్కడినుంచో నల్లచొక్కా తెచ్చి జెండాలా ఊపుతున్నాడు.

నూకరత్నం అప్పుడు బంతితో పైన ఉంది. ఇక్కడ ఎగిరినవాళ్ళు నిదానంగా దిగుతారు. కింద కాచుకున్నవాడికి కావలసినంత తీరిక. నలుగురు కాచుకున్నారు. అది దిగుతూ వాళ్ళనే చూస్తోంది, ఎటూ తప్పుకోలేదు. మడమలు పట్టి లాగారు. నల్లచొక్కా తల మీంచి తొడిగారు. చేతులు లోపల ఇరుక్కున్నాయి. మావాళ్ళు ఇటునుంచి దిగి ఆ చొక్కా ఊడబెరకబోయారు. ఒకరు తొడగడం, ఒకరు పీకడం, మధ్యలో పిల్ల. భుజం తప్పింది. తొడిగేవాడికి ముఖం అడ్డం వచ్చినట్టుంది, కడ్డీతో దవడ మీద కొట్టాడు. చప్పుడు ముందు వచ్చింది, పళ్ళు తర్వాత పడ్డాయి.

నేను దిగాను. విరిగిన చేతితో ఏం చేశానో గుర్తు లేదు, ఎవరి జుట్టో ఎడమచేతిలో మిగిలింది. ఫల్గుణ కుంటుకుంటూ వచ్చాడు. చంకకర్ర ఎత్తి, కడ్డీ పట్టినవాడి మెడ మీద దించాడు. ఇంకొకడి మోకాలు మీద దించాడు. మళ్ళీ ఎత్తి ఆ నల్లచొక్కా కర్రకి చుట్టి, అది చిరిగేదాకా లాగాడు. నూకరత్నం చేతులు బయటపడ్డాయి.

"బుట్టలో ఏసీయే!" అని అరిచాడు ఫల్గుణ.

రిఫరీ ఇంకా ఆట ముగించే ఈల వెయ్యలేదు. భయంతో మింగేశాడని తర్వాత అనుకున్నారు. బంతి దాని కాళ్ళ దగ్గరే దొర్లుతోంది. దవడ ఒక పక్కకి వేలాడుతుండగా, మంచి చెయ్యి ఒక్కదాంతో తీసి విసిరింది. బంతి వెళ్ళి వెళ్ళి వెళ్ళింది. కింద కొట్టుకుంటున్నవాళ్ళు కూడా తలలెత్తారు. బుట్టలోంచి పడింది.

ఆ ఒక్క బుట్టతో మా జట్టు గెలిచింది. ఎరుపు గెలిచింది. పటం ఫలించింది. మైదానం ఊడ్చేవాళ్ళు ముగ్గురి మీద దుప్పటి కప్పారు. ఆ ముగ్గురిలో కుక్క కాపరి ఒకడు. చుట్టూ జనం, ఎవరూ ఏడవలేదు.

ఆరో నమోదు. మంగళవారం

మంచుబండి మా దగ్గర మొదట ఆగింది. గాలి మారినట్టు ముక్కుకి తెలుస్తోంది.

నూకరత్నం ఆసుపత్రి మంచం మీద ఉంది. దవడకి తీగ చుట్టారు. డాక్టరమ్మ, ఇంక మాట వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేనంది. ఆట సంగతి నేను అడగలేదు. అది అప్పుడప్పుడు నా కట్టుచెయ్యి తాకి చూస్తుంది.

ఇందాక గున్నయ్య వచ్చాడు. కొత్త బండిలోంచి మంచుగడ్డ ఒకటి తువ్వాలులో పట్టుకొచ్చాడు, తలకాయంత ఉంది. వెనక గుమ్మంలో పదిమంది తొంగి చూస్తున్నారు.

"గుంట వాపుకి," అన్నాడు. నిజంగానే దానికోసమే తెచ్చాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. "నీ బుర్రే బుర్ర, గుంటా. సొరంగమంతా నీ పేరే."

నేను గడ్డ అందుకున్నాను.

"బావా, చేతి సంగతి... అయిపోయిందనుకో. తప్పు నాదే." కాసేపు నసిగాడు. వెనకవాళ్ళు అతని వీపు పొడిచారు. "మరి వచ్చే ఏడు... ఇప్పుడు మనది ఏ పచ్చమంతావు? ముందే సెప్పేస్తే రంగులు అదీ సూసుకోవచ్చు కదా అని."

నా దగ్గర ఎప్పుడూ మాట ఉంటుంది. దేనికైనా ఒక పిట్టకథ ఉంటుంది. ఆ క్షణాన ఒక్కటీ లేదు. గడ్డ ఎడమచేతిలో ఉంది, దాంతోనే కొట్టాను. గున్నయ్య ముక్కు లోపలికి పోయింది. అతను తూలి వెనక్కి లేచి, గుమ్మంలో వాళ్ళ మీద మెల్లగా కూలాడు. వాళ్ళు అతన్ని మోసుకుపోయారు. వెళ్ళేటప్పుడు ఎవరూ ఏ రంగని అడగలేదు.

వెనక్కి తిరిగితే నూకరత్నం నన్నే చూస్తోంది. మంచి చెయ్యి నిలువుగా పైకెత్తి పిడికిలి బిగించి పట్టుకుంది. ఫౌల్‌కి రిఫరీలు చూపే సైగ అది.

ఫౌలే. నేను కాదనలేదు. నేల మీద పగిలిన మంచు ముక్కల్లో నెత్తురు అంటనివి ఏరి, గుడ్డలో కట్టి, దాని దవడ మీద పెట్టాను. చల్లదనానికి కళ్ళు మూసుకుంది. పిడికిలి మాత్రం చాలాసేపు దించలేదు.